చలికాలంలో చేతికందే ఏరు

కావేరిపట్టణం పక్కన పారే దక్షిణ పినాకిని ఏడాదిలో మూడు నెలలే మనిషిని దగ్గరకు రానిస్తుంది. ఆ మూడు నెలల్లో ఏటి గట్లు, చెరువులు, కోటలు, కొండలు ఎలా కళకళలాడతాయో, ఆ కళ నిలవాలంటే ఏం కావాలో చెప్పే కథనం ఇది.

వేసవిలో దక్షిణ పినాకిని అంతా ఇసుకే. ఎండలు ముదిరాక అక్కడక్కడా మడుగుల్లో మాత్రమే నీళ్ళు నిలుస్తాయి, పశువులు వాటి చుట్టూ చేరతాయి. ఆశ్వయుజ కార్తీకాల్లో ఈశాన్య ఋతుపవనం పట్టుకుందంటే ఏరు ఎర్రగా పొంగుతుంది. గట్టున నిలబడి చూడటమే తప్ప కాలు పెట్టే వీలుండదు. మార్గశిరం నడిమికి వానలు వెనకపడతాయి. ఒండ్రు అడుగుకు దిగి నీళ్ళు తేరుకుంటాయి. బండలు బయటపడతాయి. ఇసుక మేటలు నడవడానికి వీలుగా గట్టిపడతాయి. అప్పట్నుంచి మాఘం వెళ్ళేదాకా, అంటే డిసెంబరు నడుమ మొదలై ఫిబ్రవరి చివరి వరకు, ఈ ఊరి వాళ్ళకు ఏరు చేతికందుతుంది. పండక్కి వచ్చిన బంధువులు, సెలవుల్లో ఉన్న పిల్లలు, బెంగళూరు నుంచి రెండు రోజులకు ఇంటికి చేరిన ఉద్యోగస్తులు, అందరూ ఏటి ఒడ్డుకో ఆనకట్టకో కొండకో బయల్దేరే కాలం ఇదే.

కావేరిపట్టణం తమిళనాడులోని కృష్ణగిరి జిల్లాలో, కృష్ణగిరి నుంచి ధర్మపురికి పోయే పెద్ద రోడ్డు మీద ఉంది. పేరు చూసి కావేరి ఒడ్డు అనుకునే వాళ్ళుంటారు గానీ ఇక్కడ పారేది పినాకిని. తమిళులు తెన్‌పెణ్ణై అంటారు. నెల్లూరు వాళ్ళ పెన్నకు ఇది తోడబుట్టిన ఏరు. రెండూ కర్ణాటకలో నందికొండల చుట్టుపక్కలే పుట్టాయి. ఒకటి ఉత్తరానికి తిరిగి అనంతపురం, కడప సీమల మీదుగా నెల్లూరు దగ్గర సముద్రం చేరింది. రెండోది దక్షిణానికి తిరిగి హొసకోట మీదుగా హోసూరు దగ్గర తమిళనాట అడుగుపెట్టి, కృష్ణగిరి, ధర్మపురి, తిరువణ్ణామలై, విళుప్పురం దాటి కడలూరు దగ్గర సముద్రంలో పడుతుంది. దాని పై భాగమంతా మొరసునాడు. హోసూరు, సూళగిరి చుట్టూ ఉన్న పల్లెల్లో ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం, ఆఫీసులో తమిళం మాట్లాడుకునే కుటుంబాలు ఇప్పటికీ ఎన్నో. వాళ్ళందరికీ ఇది సొంత ఏరు.

దీన్ని కొండ ఏరు అనాలంటే ఎత్తులు చూడాలి. హోసూరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. అక్కణ్ణుంచి యాభై కిలోమీటర్లు వస్తే కృష్ణగిరి. ఆ కాస్త దూరంలోనే నేల దాదాపు నాలుగు వందల మీటర్లు దిగిపోతుంది. బెంగళూరు పీఠభూమి అంచు విరిగి బారామహల్ మైదానంలోకి జారే చోటు అది. సూళగిరి దాటాక బస్సు వంపులు తిరుగుతూ దిగుతుంటే రెండు పక్కలా నల్లరాతి గుట్టలు, గుండ్లు, వాటి సందుల్లో చింతచెట్లు కనిపిస్తాయి. ఏరు కూడా ఆ రాళ్ళ మధ్యనే దారి వెతుక్కుంటూ దిగుతుంది. చలి కూడా ఈ ఎత్తుల ప్రకారమే ఉంటుంది. డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో హోసూరులో పదిహేను డిగ్రీలకు అటూ ఇటూ పడిపోతుంది, తళి వైపు ఇంకా చల్లన. ఆ చలి చూసే దొరలు తళిని చిన్న ఇంగ్లండు అన్నారు. కావేరిపట్టణంలో అంత వణుకు లేదు. పొద్దున్నే శాలువా కప్పుకుని బయల్దేరినా పది గంటలయ్యేసరికి మడిచి సంచిలో పెట్టుకోవచ్చు. రోజంతా ఆరుబయట గడపడానికి ఇంతకంటే మంచి వాతావరణం దక్షిణాదిలో ఎక్కడో గానీ దొరకదు.

ఆనకట్ట కింద ఆదివారం

ఊరికి ఎగువన, పది కిలోమీటర్ల లోపే, కృష్ణగిరి జలాశయం ఉంది. దాన్ని అందరూ కె.ఆర్.పి. డ్యామనే పిలుస్తారు. 1950ల చివర్లో, కామరాజ్ ముఖ్యమంత్రిగా ఉన్న రోజుల్లో పూర్తయింది. నిండు నీటిమట్టం 52 అడుగులు. కుడి ఎడమ కాలువల కింద 9,012 ఎకరాలు పారతాయి. జలాశయం చూడ్డానికి పెద్దదేమీ కాదు. నాగార్జునసాగర్ చూసిన కళ్ళకు ఇది ఓ పెద్ద చెరువులా ఆనుతుంది. కానీ చుట్టూ కొండలు వలయం కట్టినట్టుంటాయి. పొద్దున మంచు ఇంకా నీళ్ళ మీద ఉండగా గట్టు మీద నడిస్తే ఆ కొండలు ఒక్కొక్కటే తేలుతూ కనిపిస్తాయి.

ఆనకట్ట కిందున్న పార్కులో పెద్ద ఆకర్షణలంటూ ఏమీ లేవు. చెట్ల నీడ, పచ్చిక, పిల్లలు ఊగే ఊయలలు, జారుడుబల్లలు, అంతే. ఆ సాదాతనమే దాని బలమని నాకనిపిస్తుంది. జేబులో పెద్దగా డబ్బుల్లేని కుటుంబం కూడా చాప పరుచుకుని పొద్దుగూకేదాకా కూర్చోగలదు. ఇంటి నుంచి తెచ్చుకున్న చిత్రాన్నం, పెరుగన్నం, ఊరగాయ పొట్లాలు విప్పుతారు. మాంసాహారులైతే వాళ్ళ మనసంతా బయటి చేపల అంగళ్ళ మీదే ఉంటుంది. కె.ఆర్.పి. డ్యామ్ పేరు చెప్పగానే చుట్టుపక్కల జిల్లాల్లో ముందు గుర్తొచ్చేది వేపుడు చేపే. రోహు, కట్ల, జిలేబీ చేపలకు గాట్లు పెట్టి, ఎర్రటి కారం మసాలా పట్టించి, వరసగా పేర్చి ఉంచుతారు. మనం వేలు చూపించిన చేపను అప్పటికప్పుడు కాగే నూనెలో వేస్తారు. చలిగాలిలో, నీటి పక్కన, వేళ్ళు కాలుతుండగా ముల్లు ఏరుకుంటూ తినే ఆ చేప రుచి ఇంటికి పొట్లం కట్టించుకుపోతే రాదు.

సంక్రాంతి నాలుగు రోజుల్లో చివరిదైన కాణుం పొంగల్ నాడు ఇక్కడ కాలు పెట్టే సందుండదు. ఆ రోజు ఇంట్లో ఉండకూడదు, నలుగురినీ చూడాలి, నీటి ఒడ్డుకు పోవాలి. తమిళనాడంతటా ఉన్న ఆచారమే ఇది. మన తెలుగిళ్ళల్లో కనుమ నాడు ప్రయాణం చేయకూడదంటారు గదా, ఈ సీమ తెలుగువాళ్ళు మాత్రం ఇరుగుపొరుగుతో కలిసి మర్నాడు ఏటికి బయల్దేరతారు. ట్రాక్టరు తొట్టెల్లో, ఆటోల్లో, టి.వి.ఎస్. మోపెడ్ల మీద ముగ్గురేసి. ముసలమ్మలు ఏటి నీళ్ళు నెత్తిన చల్లుకుంటారు, పిల్లలు మోకాలి లోతుకు దిగి తడుస్తారు. ఒక సీమ జనమంతా ఒక్క రోజున తమ నీళ్ళను పలకరించి వచ్చే పండగ ఇది.

జనం గోల వద్దనుకునే వాళ్ళకు వేరే చోట్లున్నాయి. కృష్ణగిరి దగ్గర అవధానపట్టి చెరువులో పడవలున్నాయి. అక్కడి నుంచి సాయంత్రం కొండల వెనక పొద్దు వాలడం చూడొచ్చు. కావేరిపట్టణానికి దిగువన నెడుంగల్ దగ్గర ఏటికి అడ్డంగా చిన్న ఆనకట్ట ఉంది. దాని కాలువ నీళ్ళు పోచంపల్లి వైపు బారూరు చెరువును నింపుతాయి. బారూరు చెరువు గట్టు మీద జనవరి పొద్దున ఒక గంట కూర్చుంటే చాలు. గూడబాతులు బరువుగా లేచి బరువుగా వాలతాయి, నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటాయి, ఎర్రకాళ్ళ కొంగలు నీళ్ళు తగ్గిన చోట మెల్లగా అడుగులు వేస్తాయి. బురద అంచున తోక ఆడిస్తూ పరుగులు తీసే చిన్న పిట్టలు హిమాలయాల అవతల్నుంచి వచ్చిన వాగ్‌టెయిళ్ళు. మనకు చలి అనిపించేది వాటికి వెచ్చదనం. మార్చి దాటితే అవి మళ్ళీ ఉత్తరానికి బయల్దేరతాయి. బైనాక్యులర్స్ ఉంటే మంచిదే, లేకపోయినా ఓపిక ఉంటే చాలు.

కోట ఎక్కే పొద్దు

ఈ సీమలో ఏ గుట్ట చూసినా దాని నెత్తిన ఒక గోడ ఉంటుంది. బారామహల్ అంటే కోటల సీమ. మైసూరు పీఠభూమికీ తమిళ మైదానానికీ మధ్య ద్వారం కాబట్టి ప్రతి సైన్యం ఇటుగానే వచ్చింది. కావేరిపట్టణంలోనూ ఒకప్పుడు కోట ఉండేది. మొదటి మైసూరు యుద్ధంలో, 1767 ఆగస్టు చివర్లో, హైదర్ అలీ దాన్ని చుట్టుముట్టి రెండు రోజుల్లో పట్టుకున్నాడు. తర్వాత కొద్ది రోజులకే చెంగం దగ్గర ఇంగ్లీషు సేనతో పోరు. రాయకోట దుర్గం 1791లో ఇంగ్లీషు వాళ్ళ చేతికి చిక్కింది. మరుసటి ఏడు శ్రీరంగపట్నం ఒప్పందంతో టిప్పు ఈ బారామహల్‌నే వదులుకోవాల్సి వచ్చింది.

ఇప్పుడు ఆ దుర్గాలు ఎక్కడానికి శత్రువులెవరూ లేరు, ఎండ ఒక్కటే. అందుకే చలికాలం. కృష్ణగిరి కోట ఊరి నెత్తినే ఉంది. కృష్ణదేవరాయల పేరు మీదే కొండకూ ఊరికీ ఆ పేరొచ్చిందని ఇక్కడ చెప్పుకుంటారు. రాయకోటలో మెట్లు, గోడలు, కొండ మీది నీటి గుంటలు ఇంకా చూడదగ్గవే. తెల్లారకముందే మొదలుపెట్టి పొద్దు ఎక్కకముందే దిగిపోవడం మేలు. నల్లరాయి తొమ్మిది గంటలకే వేడెక్కడం మొదలుపెడుతుంది. పైన నిలబడితే పీఠభూమి అంచు, దాని కింద మైదానం, మధ్యలో కొబ్బరితోపుల పచ్చటి చార కనిపిస్తాయి. ఆ చారే పినాకిని పోయే దారి. దిగి వచ్చాక రాయకోట సంతలో టమాటాల కుప్పలు చూడకుండా రావద్దు. బెంగళూరు, చెన్నై వంటిళ్ళకు పోయే సరుకులో పెద్ద వాటా ఇక్కడ్నుంచే.

ఈ సీమలో ఆరుబయట గడపడం ఎంత ఇష్టంగా ఉంటుందో రాసిపెట్టిన వాళ్ళలో మనకు బాగా తెలిసిన మనిషి ఒకడున్నాడు. రాయలసీమ వాళ్ళు ఇప్పటికీ పేరు తలిచే సర్ థామస్ మన్రో. దత్తమండలాల కలెక్టరుగా రాకముందు, 1792 నుంచి 1799 దాకా అలెగ్జాండర్ రీడ్ కింద ఈ బారామహల్‌లోనే భూమి లెక్కలు వేశాడు. పల్లె పల్లె తిరిగాడు. రైతువారీ పద్ధతికి పునాది ఇక్కడే పడింది. ధర్మపురిలో తను పెంచుకున్న తోటను విడిచి వెళ్ళాల్సి వచ్చినప్పుడు ఎంత బాధపడ్డాడో సోదరికి రాసిన ఉత్తరంలో ఉంది. ఎన్నో యుద్ధాలు చూసిన సైనికుడికి ఒక తోటను వదలడం అంత కష్టమైందంటే ఈ గాలి ఎలాంటిదో ఊహించుకోవచ్చు.

కోటల కంటే వెనక్కి పోవాలనిపిస్తే సూళగిరి దగ్గర మల్లచంద్రం ఉంది. కొండ మీద రాతి పలకలు నిలబెట్టి పైన మరో పలక కప్పిన పెద్దరాతి యుగపు సమాధులు అక్కడున్నాయి. బర్గూరు వైపు మయిలాడుంపారైలో తవ్వకాల్లో దొరికిన ఇనుము పొరకు పరీక్షలు చేస్తే కాలం సామాన్య శకానికి ముందు 2172గా తేలిందని 2022 మే నెలలో తమిళనాడు ప్రభుత్వం శాసనసభలో ప్రకటించింది. అంటే నాలుగు వేల ఏళ్ళ కిందటే ఈ గుట్టల నడుమ మనుషులు ఇనుము వాడారు. పిల్లల్ని చరిత్ర చూపించడానికి తీసుకెళ్ళాలంటే మ్యూజియం కంటే ముందు ఈ కొండలెక్కించాలి.

రాగి కోతలు, ఏనుగుల దారి

చలికాలపు తిండి ఏమిటని అడిగితే మొరసునాడులో ఎవరైనా తడుముకోకుండా అనపకాయలంటారు. మంచు పడితేనే కాయకు వాసన. సాయంత్రం గింజలు వలిచి నీళ్ళలో నానబెట్టి, తెల్లారి రెండు వేళ్ళ మధ్య పితికితే తోలు ఊడి పప్పు బయటికి దూకుతుంది. ఆ పితికిపప్పు కూరతో వేడి రాగి సంగటి ఉంటే ఇంకో కూర పేరెత్తరు. ప్రయాణంలోకి నిప్పట్లు. బియ్యప్పిండిలో వేరుశనగపప్పు, మిరపకారం, కరివేపాకు కలిపి పలచగా తట్టి వేయించినవి, ఈ ఊళ్ళ మిఠాయి అంగళ్ళలో ఎప్పుడూ ఉంటాయి. కొండెక్కేటప్పుడు సంచిలో బరువు కావు, నాలుగు రోజులైనా కరకరలాడతాయి.

అయితే రాగి పండే కాలమే ఏనుగులు వచ్చే కాలం. కర్ణాటకలో బన్నేరుఘట్ట అడవి నుంచి, కావేరి లోయ నుంచి, అక్టోబరు తర్వాత గుంపులు గుంపులుగా జవళగిరి, తళి, దేంకణికోట అడవుల్లోకి దిగుతాయి. కొన్ని సూళగిరి దాకా, కొన్నేళ్ళలో ఇంకా ముందుకీ వస్తాయి. రాగి కంకి పాలు పోసుకునే వేళకు అవి పొలం అంచున ఉంటాయి. మనం సరదాగా చలిమంట చుట్టూ కూర్చునే రాత్రుల్లోనే, రైతు మంచె మీద మంట వేసుకుని, డబ్బా కొట్టుకుంటూ తెల్లవార్లూ మేలుకొని ఉంటాడు. ఏటా ఇక్కడ మనుషులూ పోతున్నారు, ఏనుగులూ పోతున్నాయి. విహారానికి వచ్చేవాళ్ళు ఈ సంగతి తెలుసుకుని రావాలి. ఏనుగులు కనిపించాయని రోడ్డు పక్కన బండి ఆపి సెల్‌ఫోను ఎత్తితే, గుంపు బెదిరి పక్క పొలంలోకి మళ్ళుతుంది. నష్టం మనకు కాదు, ఆ పొలం వాడికి. చీకటి పడ్డాక తళి, జవళగిరి, అంచెట్టి దారుల్లో తిరక్కపోవడం కనీస మర్యాద.

ఈ అడవులు కెన్నెత్ ఆండర్సన్ వేట కథల వల్ల లోకానికి తెలిశాయి. 1954లో వచ్చిన ఆయన మొదటి పుస్తకంలోనే జవళగిరి ఆడపులి ఉంది, గుమ్మళాపురం చిరుత ఉంది. వేటగాడి తుపాకీ కాలం పోయింది. 2014లో కావేరి ఉత్తర వన్యప్రాణి అభయారణ్యం 504 చదరపు కిలోమీటర్లలో, 2022లో కావేరి దక్షిణ అభయారణ్యం 686 చదరపు కిలోమీటర్లలో ఏర్పడ్డాయి. ఏనుగులతో పాటు నీటికుక్కలు, మొసళ్ళు, బూడిదరంగు పెద్ద ఉడతలు ఇక్కడి సంపద. నీటికుక్క కనిపించిందంటే ఆ నీళ్ళలో చేప ఉందని, చేపకు ఊపిరి అందుతోందని అర్థం. ఈ మాట మళ్ళీ పనికొస్తుంది.

అడవిలో నడవాలనుకునే వాళ్ళకు 2024 అక్టోబరులో తమిళనాడు ప్రభుత్వం నలభై దారులతో ట్రెక్కింగ్ పథకం మొదలుపెట్టింది. ముందుగా పేరు నమోదు చేసుకోవాలి, అడవిలో పుట్టి పెరిగిన వాళ్ళే తోడుగా వస్తారు. ఈ కట్టుబాట్ల వెనక ఒక విషాదం ఉంది. 2018 మార్చిలో తేని జిల్లా కురంగణి కొండల్లో కార్చిచ్చు చుట్టుముట్టి ఇరవై మందికి పైగా నడకకు వెళ్ళినవాళ్ళు చనిపోయారు. గడ్డి ఎండాక కొండ ఎక్కడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. ఫిబ్రవరి నడుమ నుంచి అడవి దారులు మూస్తారంటే అందుకే. నడవాల్సింది మంచు కాలంలోనే. కావేరి మీద హొగెనకల్‌కూ ఇదే వేళ. వరద తగ్గి పుట్టీలు తిరగడానికి అనుమతి దొరుకుతుంది, జలపాతం రాళ్ళ మధ్య చీలి చీలి పడటం దగ్గరగా చూడొచ్చు.

సంక్రాంతి తర్వాత ఇంకో హడావుడి ఎద్దులది. కృష్ణగిరి, హోసూరు పల్లెల్లో జనవరి నుంచి రెండు నెలలపాటు ఒక్కో ఊళ్ళో ఒక్కో రోజు ఎద్దుల్ని వదిలే పండగ జరుగుతుంది. కొమ్ములకు రంగులు, అలంకారాలు కట్టి వీధిలో పరుగు పెట్టిస్తారు. చిత్తూరు సీమలో రంగంపేట పశువుల పండగలో కొమ్ముల పలకలు చూసినవాళ్ళకు ఇది కొత్తగా అనిపించదు. 2023 ఫిబ్రవరి 2న సూళగిరి దగ్గర గోపచంద్రంలో పండక్కి అనుమతి ఆలస్యమైందని జనం బెంగళూరు చెన్నై రహదారినే గంటల తరబడి ఆపేశారు. ఆ ఏడు మే నెలలో సుప్రీంకోర్టు జల్లికట్టు చట్టాన్ని సమర్థించింది. చూడాలనుకుంటే కంచె బయట, ఎత్తైన చోట నిలబడి చూడండి. పరుగెత్తే ఎద్దుకు చుట్టమని తెలియదు.

నురగ

ఇంతవరకూ చెప్పిన సంబరం అంతా ఒక్క షరతు మీద ఆధారపడి ఉంది. ఏటి నీళ్ళు తాకదగ్గవిగా ఉండాలి.

హోసూరు పక్కన కెలవరపల్లి ఆనకట్ట నుంచి వాన రోజుల్లో నీళ్ళు వదిలినప్పుడు తెల్లటి నురగ మేటలు మేటలుగా లేస్తుంది. కొన్నిసార్లు వంతెన మీదికీ, దారి మీదికీ ఎక్కుతుంది. ఎన్నో ఏళ్ళుగా ప్రతి వరదకూ పత్రికల్లో ఆ ఫొటో వస్తూనే ఉంది. చూసేవాళ్ళు మంచు అనుకుని పిల్లల్ని నిలబెట్టి ఫొటోలు తీసుకోవడమూ జరుగుతోంది. అది మంచు కాదు. బెంగళూరులో బెళ్ళందూరు, వర్తూరు చెరువుల్లోకి చేరే నగరపు మురుగు పొంగి దక్షిణ పినాకినిలోకే వస్తుంది. దానికి దారిలో ఫ్యాక్టరీల వ్యర్థాలు తోడవుతాయి. బట్టల సబ్బులు, డిటర్జెంట్లలోని రసాయనాలు నీటి పైపొరను పట్టుకుని గాలి బుడగల్ని పగలనీయవు. గేట్ల నుంచి నీరు ఎత్తున పడి చిలికినట్టయ్యేసరికి నురగ కొండలా పెరుగుతుంది. 2017 ఫిబ్రవరిలో బెళ్ళందూరు చెరువు మీద మంటలే లేచాయి. అదే నీటి గొలుసు చివరన మన చేపల అంగళ్ళున్నాయి, కాణుం పొంగల్ నాడు పిల్లలు తడిసే మోకాలి లోతు నీళ్ళున్నాయి.

కెలవరపల్లి నుంచి కృష్ణగిరి జలాశయం దాకా వచ్చేసరికి ఏరు రాళ్ళ మీద పడి లేచి గాలి పీల్చుకుంటుంది, ఉపనదులు కలుస్తాయి, మడ్డి కొంత అడుగుకు దిగుతుంది. అది ఏరు తనకు తానే చేసుకునే వైద్యం. దాని శక్తికీ ఒక హద్దు ఉంది. ఎగువ నుంచి వచ్చే మంచి నీళ్ళు తగ్గేకొద్దీ ఆ హద్దు కిందికి దిగుతుంది. ఉపనది మార్కండేయ మీద కోలారు జిల్లాలో యరగోళ్ దగ్గర కర్ణాటక తాగునీటికి ఆనకట్ట కట్టింది. తమిళనాడు 2018లో సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2019 నవంబరులో కోర్టు ట్రిబ్యునల్ అడగండంటూ అభ్యర్థనను తోసిపుచ్చింది. కోలారు, మాలూరు గొంతులకు నీళ్ళు వద్దనే హక్కు ఎవరికీ లేదు, అక్కడ ఉన్నదీ మన తెలుగువాళ్ళూ కన్నడిగులే. కానీ రెండు రాష్ట్రాలూ ఎన్ని నీళ్ళన్న దాని మీదే వాదించుకుంటుంటే, ఎలాంటి నీళ్ళన్న ప్రశ్న వెనకపడిపోయింది. కావేరిపట్టణం తరఫున అడగాల్సింది రెండో ప్రశ్నే.

ఏటి ఒడ్డు ఊరిదే

నా నమ్మకం ఒకటే. జనం పోని ఏరు ముందు మరుగున పడుతుంది. సర్కారు తుమ్మ ఒడ్డును మూస్తుంది, ఊరి చెత్త ఆ చాటుకు చేరుతుంది, ఇసుక రాత్రిళ్ళు తరలిపోతుంది, అడిగే దిక్కుండదు. వారానికోసారి పిల్లల్ని తీసుకుని పోయే తల్లిదండ్రులుంటే నీళ్ళ రంగు మారిన రోజే ఊళ్ళో తెలుస్తుంది. కాబట్టి చలికాలపు షికారును తీరిక ఉన్నవాళ్ళ ముచ్చటగా చూడకూడదు. అది ఏటికి కాపలా కూడా.

కొండల నుంచి దిగే ఏటిని మళ్ళీ జనానికి అప్పగించిన ఊళ్ళు ఉన్నాయి. జర్మనీలో మ్యూనిక్ నగరం మధ్యగా ఆల్ప్స్ కొండల నుంచి దిగే ఇజార్ నది పారుతుంది. ఒకప్పుడు దాన్ని సిమెంటు గట్ల మధ్య కాలువలా బిగించారు. 2000 నుంచి 2011 దాకా ఎనిమిది కిలోమీటర్ల మేర ఆ బిగువు సడలించారు. గట్లు వెడల్పు చేసి, గులకరాళ్ళ మేటలు పడనిచ్చి, వరదకు చోటిచ్చారు. ఎగువ ఊళ్ళ మురుగు శుద్ధి కేంద్రాల్లో నీళ్ళను అతినీలలోహిత కాంతితో క్రిమిరహితం చేయడం వల్ల ఈత కొట్టగలిగే స్థితి వచ్చింది. అక్కడ టికెట్టు లేదు, సిమెంటు సింహాలు లేవు. జనం గులకరాళ్ళ మీద కూర్చుంటారు. పార్కంటే నదిని అలంకరించడం కాదు, నదికి చోటు వదలడం అని వాళ్ళకు తెలిసింది. వాళ్ళు ఖర్చు చేసినంత మనం చేయలేకపోవచ్చు. కానీ మొదట ఎగువ మురుగు, తర్వాత ఒడ్డు అనే వరస మాత్రం మనకూ పనికొస్తుంది.

కావేరిపట్టణానికి కావాల్సినవి పెద్ద పెద్ద కట్టడాలు కావు. తుమ్మ కొట్టేసి నీడ చెట్లు, మద్దో కానుగో, నాటిన ఒక నడకదారి. ఆడవాళ్ళకు శుభ్రమైన మరుగుదొడ్లు. అవి లేకే చాలా కుటుంబాలు మధ్యాహ్నానికే ఇంటిదారి పడతాయి. చెత్త వేయడానికి తొట్లు, వాటిని రోజూ ఎత్తే మనుషులు. ఊరి మురుగు ఏట్లో కలవకముందే శుద్ధి. పక్షులు వాలే బారూరు లాంటి చెరువుల దగ్గర పాటల పెట్టెలు మోగించకుండా చూసే కాపలా. ఇవన్నీ ఒక పట్టణ పంచాయతీ, జిల్లా యంత్రాంగం కలిసి మొదలుపెట్టగలిగినవే.

వీటన్నిటికంటే ముందు ప్రాణభద్రత. ఇది ఆనకట్ట కింది ఊరు. 2017 నవంబరు 29న కృష్ణగిరి జలాశయం గేటొకటి విరిగి, నిల్వ ఉంచిన నీళ్ళు ఆగకుండా కిందికి పోయాయి. ఆ ఏడు కాలువల కింద రైతులకు దాని దెబ్బ తగిలింది. 2024 డిసెంబరు మొదట్లో ఫెంగల్ తుపాను తర్వాత ఇదే జిల్లా ఊత్తంగరైలో ఒక్క రోజులో దాదాపు 50 సెంటీమీటర్ల వాన పడింది. దిగువన సాత్తనూరు ఆనకట్ట నుంచి 1.68 లక్షల క్యూసెక్కులు వదిలితే కడలూరు, విళుప్పురం జిల్లాలు మునిగాయి. చలికాలం మొదట్లో ఏరు ఇంకా నమ్మదగ్గది కాదని ఆ రోజులు చెప్పాయి. మబ్బు లేని పగలు కూడా ఎగువన గేటు ఎత్తితే ఇసుక మేట మీద ఆడుకునే పిల్లల చుట్టూ నీళ్ళు కమ్ముకోగలవు. నీటిమట్టం 50 అడుగులు దాటగానే దిగువ జిల్లాలకు వరద హెచ్చరిక పంపే పద్ధతి ఇప్పటికే ఉంది. ఆ హెచ్చరిక కలెక్టరేటు నుంచి బయల్దేరి ఏటి మధ్య బండ మీద కూర్చున్న కుటుంబం చెవిన పడేలా చేయాలి. గేటు ఎత్తే ముందు మోగే సైరను కావేరిపట్టణం ఒడ్డున ఉండాలి. వంతెన స్తంభాల మీద అందరికీ అర్థమయ్యే రంగుల్లో నీటిమట్టం గీతలుండాలి.

ఇంకొక్కటి కూడా అడగాలి. కెలవరపల్లి, కృష్ణగిరి జలాశయం, కావేరిపట్టణం వంతెన, ఈ మూడు చోట్లా డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ప్రతి వారం నీళ్ళు పరీక్షించి, ప్రాణవాయువు ఎంత ఉందో, మురుగు సూక్ష్మజీవులు ఎంత ఉన్నాయో ఏటి ఒడ్డున బోర్డు మీద రాయాలి. తమిళంలో, తెలుగులో, కన్నడంలో. దిగొచ్చా, దిగకూడదా అన్నది ఆ బోర్డు చూసి ఒక పదేళ్ళ పిల్ల చెప్పగలగాలి. ఈ సంక్రాంతికి కాకపోతే వచ్చే సంక్రాంతికైనా మొదటి బోర్డు కావేరిపట్టణం వంతెన దగ్గరే నాటాలి, ఎందుకంటే పై రెండు చోట్లా ఏం జరిగినా చివరికి నీళ్ళు చేరేది ఇక్కడికే.